ఘాట్ రోడ్డులో పాత అంబాసిడర్: ముందు బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. మా నాన్నగారు కొన్న 1978 నాటి అంబాసిడర్ మార్క్ 3 పెట్రోలు కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది. సాలూరు వెళ్లి తిరిగి వస్తుంటే మాత్రం సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు వేడి చూపించే ముల్లు చివరిదాకా పోతుంది. ఇంజిన్ కుదుపులిచ్చి ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. దిగేటప్పుడు ఇంకో బాధ. సగం ఘాట్ దాటేసరికి బ్రేకు పెడల్ నేలదాకా పోతోంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే అందుకుంటోంది. సాలూరులో కాసేపు ఆగి బయల్దేరితే ఏమీ జరగనట్టే ఉంటుంది. బ్రేకు వేస్తే కారు ఎడమకు లాగుతుంది కూడా. ఇక్కడి మెకానిక్ కార్బొరేటర్ మార్చినా తేడా రాలేదు. ఇప్పుడు పాత డీజిల్ ఇంజిన్ ఎక్కిద్దామని, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెడదామని అంటున్నాడు. కార్తికమాసంలో నాన్నగారిని ఈ కారులోనే సింహాచలం తీసుకెళ్లాలని నా కోరిక. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: మీరు ఇంజిన్ సంగతి ముందు రాసి, బ్రేకుల సంగతి తర్వాత రాశారు. నేను ఆ వరుసను తిరగేస్తాను. ఎక్కేటప్పుడు ఆగిపోయే కారు మీ పొద్దు పాడుచేస్తుంది. దిగేటప్పుడు ఆగని కారు మీ కుటుంబాన్నే తీసుకుపోతుంది. పెడల్ ఒక్కసారి నేలదాకా పోయిందంటే ఆ కారు ఘాట్ రోడ్డుకు పనికిరాదని అర్థం. మళ్లీ తొక్కితే అందుకుంటోంది కదా అని ధైర్యపడకండి. ఆ రెండోసారి తొక్కే వ్యవధి మీకు ప్రతి మలుపులోనూ దొరకదు. బ్రేకుల పని పూర్తయ్యేవరకు కారును జయపురం దాటించకండి, జయపురం నుంచి కొరాపుట్ ఎక్కే చిన్న ఘాట్‌కు కూడా తీసుకెళ్లకండి.

వేడెక్కినప్పుడు పెడల్ దిగిపోయి, చల్లారాక మామూలైపోవడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. పాత కార్లలో అవి కలిసే కనిపిస్తాయి.

మొదటిది బ్రేకు ఆయిలు మరగడం. మనం ఆయిలు అంటాం కానీ అది నిజానికి నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. సీలు తీసిన కొత్త డబ్బాలోని డాట్ 3 రకం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ద్రవం తేమ పట్టాక 140 డిగ్రీలు తట్టుకుంటే చాలునని ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కొరాపుట్ వానలు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. పైగా ఈ కారులో పెడల్ ఒత్తిడిని ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, నేల రేకు అడుగున ఉంటుంది. చెప్పుల బురద, మ్యాట్ కింద నిలిచిన నీళ్లు, దుమ్ము అన్నీ చేరే చోటు అది. మూత కాస్త వదులైతే చాలు. ఘాట్ పొడవునా బ్రేకు మీద కాలు ఉంచి దిగితే డ్రమ్ముల (చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నెల) వేడి, చక్రం దగ్గర బ్రేకును తోసే వీల్ సిలిండర్లకు చేరి అక్కడి ద్రవాన్ని మరిగిస్తుంది. ద్రవం నొక్కితే తగ్గదు, ఆవిరి తగ్గిపోతుంది. మీ కాలి బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది, చక్రానికి ఏమీ చేరదు. సాలూరు చేరి ఆగాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, పెడల్ గట్టిపడుతుంది. అందుకే షెడ్డులో చల్లటి కారును చూసిన మెకానిక్‌కు లోపం కనపడలేదు. అతణ్ణి తప్పుపట్టలేం.

రెండోది షూలకూ (డ్రమ్ము లోపలి అంచుకు ఒరుసుకుని దాన్ని ఆపే వంపు ముక్కలకూ) డ్రమ్ముకూ మధ్య సందు పెరగడం. మీ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఇనుము వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి డ్రమ్ము షూల నుంచి దూరంగా జరుగుతుంది. అడ్జస్ట్‌మెంట్ సరిగ్గా ఉంటే ఈ తేడా పెడల్‌లో కొద్దిగానే తెలుస్తుంది. షూల మీద ఒరుసుకునే పొర, అంటే లైనింగ్ అరిగి, నెలల తరబడి ఎవరూ అడ్జస్ట్ చేయకపోతే పెడల్ మొదటి తొక్కు అంతా షూలను డ్రమ్ముదాకా జరపడంలోనే అయిపోతుంది. రెండోసారి తొక్కితేనే బ్రేకు పడుతుంది. మీరు రాసిన లక్షణం ఇదే.

రెండింటిలో ఏది ఎంతో ఇంటి ముందే తెలుసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, కారు చల్లగా ఉండగా పెడల్‌ను ఒకసారి తొక్కి ఎక్కడ ఆగిందో చూడండి. వదిలి వెంటనే మళ్లీ తొక్కండి. రెండోసారి బాగా పైనే గట్టిగా ఆగితే షూలు దూరంగా ఉన్నట్టు. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగా తగిలితే లైనులో గాలి ఉన్నట్టు. ఇక మూడో పరీక్షను ఎవరూ చేయరు, కానీ చాలా అవసరమైనది అదే. పెడల్‌ను ఒక మోస్తరు బలంతో నొక్కి, కాలు తీయకుండా ఒక నిమిషం అలాగే ఉంచండి. అది నెమ్మదిగా కిందికి జారిపోతుంటే ద్రవం ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు అరిగి ద్రవం దాని పక్కనుంచి వెనక్కి వస్తోంది. ఈ రెండో రకంలో బయట ఒక్క చుక్క కూడా కనపడదు. ‘లీకు లేదు సార్’ అని చెప్పిన కార్లలోనే పెడల్ ఇలా జారడం మామూలు. మీ కారులో బ్రేకు లైను నాలుగు చక్రాలకూ ఒకటే అయితే, ఎక్కడ ఒక్క రబ్బరు చెడినా నాలుగు బ్రేకులూ పోతాయి. ఈ కాలపు కార్లలో లాగా సగం మిగలదు.

ఏ పరీక్షలో ఏది తేలినా నాలుగు డ్రమ్ములూ విప్పించండి. విప్పేటప్పుడు దుమ్మును కంప్రెసర్ గాలితోగాని నోటితోగాని ఊదనివ్వకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తీరని రోగాలు తెస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయమనండి. షెడ్డులో పనిచేసే చిన్న కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, మీరైనా చెప్పండి.

డ్రమ్ము తీశాక వీల్ సిలిండర్ల చివర ఉండే రబ్బరు టోపీలను మెల్లగా పైకెత్తి చూడండి. లోపల తడి ఉంటే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. వెనక చక్రాల దగ్గర తడి కనిపిస్తే వేలితో తాకి చూడండి. చిక్కగా, జిడ్డుగా, గేర్ ఆయిలు వాసన వస్తే అది ఇరుసు ఆయిల్ సీలు నుంచి వచ్చింది. పల్చగా ఉంటే బ్రేకు ద్రవం. ఏదైనా సరే లైనింగులోకి ఇంకిందంటే ఆ లైనింగును పెట్రోలుతో కడగడం, కాల్చి ఆరబెట్టడం లాంటివి చేయనివ్వకండి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక్క వైపే మార్చితే కారు మళ్లీ పక్కకు లాగుతుంది.

ఎడమకు లాగుతోందని మీరు రాశారు. అందరూ ఎడమ చక్రాన్నే విప్పుతారు. ఎడమ బ్రేకు బాగా పడుతోంది కాబట్టే కారు అటు తిరుగుతోందని ఆలోచించండి. చాలాసార్లు అసలు రోగం కుడి ముందు చక్రంలో ఉంటుంది. అక్కడ సిలిండర్ పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉండవచ్చు, లైనింగుకు గ్రీజు అంటి ఉండవచ్చు, లేదా రబ్బరు హోసు లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉండవచ్చు. హోసు బయటికి నిగనిగలాడుతూ ఉన్నా నమ్మకండి. లోపల ఉబ్బిన హోసు ద్రవాన్ని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అప్పుడు కాలు తీసినా ఆ చక్రానికి బ్రేకు పట్టే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ఇంజిన్ వేడికీ దీనికీ సంబంధం ఉంది. నా సలహా ఏమిటంటే, ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా లేని హోసులన్నిటినీ మార్చేయండి. కింద సాగే ఇనుప గొట్టాలను బ్రష్షుతో శుభ్రం చేయించి, తుప్పుతో గుంటలు పడినచోట కొత్తవి వేయించండి.

రబ్బరు కప్పులను కిరోసిన్‌లోగాని పెట్రోలులోగాని కడగడం మన షెడ్డుల్లో ఇంకా ఉంది. ఆ రబ్బరు ఉబ్బిపోతుంది, వారం తిరక్కుండానే బ్రేకులు బిగుసుకుంటాయి. కొత్త బ్రేకు ద్రవంతోనే కడగాలి. ద్రవం తగ్గిందని ఇంజిన్ ఆయిలు చుక్క పోసినా అదే గతి. అలా ఎవరైనా పోశారని అనుమానం ఉంటే లైనులోని ప్రతి రబ్బరూ మార్చాల్సిందే. డాట్ 3 గాని డాట్ 4 గాని వాడవచ్చు. డాట్ 4 ఎక్కువ వేడిని తట్టుకుంటుంది కాబట్టి ఘాట్ తిరిగే మీకు అదే మేలు. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ రకాన్ని మాత్రం వీటితో కలపకండి. డబ్బా మీ ఎదుటే సీలు తీయాలి. సగం వాడి అలమరలో పెట్టిన డబ్బా ఉచితంగా ఇచ్చినా వద్దు.

పాత ద్రవమంతా బయటికి పోయి కొత్తది తేటగా వచ్చేదాకా గాలి తీయించండి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: ఎడమ వెనకది, కుడి వెనకది, ఎడమ ముందుది, చివరగా కుడి ముందుది. ఆ తర్వాత అడ్జస్ట్‌మెంట్. ముందు డ్రమ్ములో ఒక్కో షూకు ఒక్కో సిలిండర్, ఒక్కో అడ్జస్టర్ ఉంటాయి. ఒకటి బిగించి రెండోది మరిచిపోవడం తరచు జరిగే పొరపాటు. షూ డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకు మాత్రమే వెనక్కి తిప్పాలి. డ్రమ్ము లోపల గాట్లు పడి ఉంటే లేతు మీద సాపు చేయించవచ్చు. కానీ ఇదివరకే ఎన్నోసార్లు చెక్కించి పల్చబడిన డ్రమ్మును మళ్లీ చెక్కించకండి. అది త్వరగా వేడెక్కుతుంది, వేడిలో ఎక్కువ సాగుతుంది, మీరు పోగొట్టుకోవాలనుకున్న లోపమే తిరిగి వస్తుంది.

ముందు చక్రాల ఏర్పాటు గురించి ఇంకో సంగతి ఘాట్ మనుషులు తప్పక తెలుసుకోవాలి. ముందుకు వెళ్తున్నప్పుడు ఆ రెండు షూలనూ తిరిగే డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది, అందుకే బ్రేకు బలంగా పడుతుంది. కారు వెనక్కి జారుతున్నప్పుడు డ్రమ్ము వాటిని తోసేస్తుంది, ముందు బ్రేకుల బలం బాగా తగ్గిపోతుంది. సుంకి ఎక్కుతూ ఇంజిన్ ఆగిపోయినప్పుడు మీరు ఉన్న పరిస్థితి ఇదే. పెడల్ తొక్కి కూర్చుంటే సరిపోదు. హ్యాండ్ బ్రేకు లాగండి, అది తీగతో వెనక చక్రాలను విడిగా పట్టుకుంటుంది. మొదటి గేరు వేయండి. వెంట ఉన్నవాళ్లు దిగి వెనక చక్రం కింద ముక్కోణపు చెక్క పెట్టాలి. చెక్కలు రెండు డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి. దారి పక్క రాయి పెట్టాల్సివస్తే, కదిలేటప్పుడు దాన్ని తీసి పక్కన పడేయండి. రాత్రిపూట మోటారుసైకిలు మీద సంత నుంచి వచ్చే మనిషికి మలుపులో వదిలేసిన ఆ రాయి మృత్యువే.

డిస్క్ బ్రేకుల సలహా సంగతి. డిస్కులు మంచివే, వేడిని తొందరగా వదులుతాయి. కానీ వాటికి మాస్టర్ సిలిండర్ కొలత, ముందూ వెనకా బ్రేకు బలం పంపకం అన్నీ మారాలి. లెక్క లేకుండా పాత మాస్టర్ సిలిండర్‌కే వేరే కారు డిస్కులు తగిలిస్తే ఉన్న బ్రేకుకన్నా అధ్వానమవుతుంది. సరిగ్గా ఉన్న డ్రమ్ములతో ఈ కార్లు దశాబ్దాలపాటు ఇవే కొండలు దిగాయి. ముందు వాటిని సరిగ్గా ఉంచండి.

ఇక దిగే పద్ధతి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలని సాలూరు లారీ డ్రైవర్లు చెబుతారు. లారీల ఊరిగా పేరున్న చోట ఆ మాట ఊరికే పుట్టలేదు. ఘాట్ మొదట్లోనే రెండో గేరుకో మూడో గేరుకో మార్చుకోండి, వేగం అందుకున్నాక గేరు తగ్గించడం కష్టం. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే కారును పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు మోపి ఉంచే బదులు, అవసరమైనప్పుడు గట్టిగా తొక్కి వేగం తగ్గించి, కాలు పూర్తిగా తీసేయండి. ఆ విరామంలో డ్రమ్ములు చల్లారుతాయి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దొర్లించడం, కీ ఆపేసి దిగడం మన వైపు ఇంకా కనిపిస్తాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. నాలుగు రూపాయల పెట్రోలు కోసం కారు బరువంతా బ్రేకుల మీద వేయడం అది. కాలిన వాసన వస్తే, పెడల్ గట్టిగా ఉండి కూడా కారు ఆగకపోతే, లైనింగ్ మితిమీరి వేడెక్కినట్టు. చోటు చూసి ఆపి, చల్లారేదాకా ఉండండి. డ్రమ్ముల మీద నీళ్లు మాత్రం పోయకండి, వేడి ఇనుము పగులుతుంది.

ఇప్పుడు ఇంజిన్. ఆగిపోవడం కన్నా ముందు వేడెక్కడాన్ని పట్టుకోండి, ఎందుకంటే మొదటిది రెండోదాని ఫలితం కావచ్చు. బ్రేకు పట్టి ఉన్న చక్రం గురించి చెప్పాను కదా. సమతలమైన రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు వెళ్లి, వీలైనంత తక్కువ బ్రేకుతో ఆపి, నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముందు తాకకుండా దగ్గరగా ఉంచండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకును మోసుకుంటూ తిరుగుతోంది. 1489 సీసీ ఇంజిన్ ఆ బరువును కూడా లాగుతూ కొండ ఎక్కాలి. సాలూరు మైదానం నుంచి సుమారు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్ చేరేసరికి గాలి పీడనం దాదాపు పదో వంతు తగ్గుతుంది, ఇంజిన్ బలమూ ఆ మేరకు తగ్గుతుంది. మూత లేని గిన్నెలో నీళ్లు అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత స్ప్రింగు బలహీనమై పీడనం నిలపకపోతే మీ రేడియేటర్ కూడా మూత లేనట్టే. చవకైన వస్తువు, ముందు దాన్నే మార్చండి.

రేడియేటర్ పూడిక చూసే పద్ధతి సులువు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, ఫ్యాను పూర్తిగా నిలిచాక, రేడియేటర్ జాలీ పొడవునా చేతితో తడమండి. మధ్యమధ్య చల్లటి చోట్లు తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి. బావినీళ్లు, బోరునీళ్లు ఏళ్లతరబడి పోసిన రేడియేటర్లకు ఇది తప్పదు. పైకి నీళ్లు కొట్టించి సరిపెట్టకండి. పై తొట్టి విప్పి లోపల కడ్డీతో శుభ్రం చేసే పనివాళ్లు విజయనగరంలోనో విశాఖలోనో దొరుకుతారు. తర్వాత డిస్టిల్డ్ వాటరు, కూలంటు కలిపి పోయండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎప్పుడూ తెరవకండి.

ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ ఉందో లేదో కూడా చూడండి. వేడెక్కుతోందనగానే దాన్ని పీకి పారేయడం అలవాటైపోయింది. మంచి థర్మోస్టాట్ వేడిలో ఎటూ తెరుచుకునే ఉంటుంది, తీసేసినందువల్ల కొండ మీద ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. బిగుసుకుపోయినదైతే మార్చాలి. గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి కాస్తే, నీళ్లు మరిగేలోగా అది తెరుచుకోవడం కంటికి కనిపించాలి. ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు సంగతి మెకానిక్‌కు తెలుసు. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) ఆలస్యంగా ఉన్నా ఇంజిన్ వేడెక్కుతుంది, దాన్ని చెవితో కాకుండా టైమింగ్ లైటుతో సరిచేయించండి. రేడియేటర్ నీళ్లలో ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ బుడగలు వస్తుంటే, ఆయిలు పోసే మూత కింద తెల్లటి నురగ కడుతుంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ చెడిందని అనుమానించాలి. బుడగల సంగతి చల్లటి ఇంజిన్‌ను అప్పుడే స్టార్ట్ చేసి, మూత ముందే తీసి ఉంచి చూడాలి.

ఇన్ని చేశాక కూడా ఆగిపోతే, ఆగిన ఆ నిమిషంలోనే పరీక్షించాలి. అరగంట ఆగాక ఏ పరీక్షా పనికిరాదు, ఆధారం చల్లారిపోతుంది. మొదట పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి లాక్కుని, వెంటనే కారు స్టార్టయితే మూత గాలిరంధ్రం పూడింది. పైసా ఖర్చు లేని లోపం, కానీ దీనికే కార్బొరేటర్లు మార్చినవాళ్లున్నారు. అది కాకపోతే మూత బిగించేసి స్పార్కు చూడండి. డిస్ట్రిబ్యూటర్ మధ్యలో దిగే లావు తీగను తీసి, పొడి ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో ఇంజిన్ ఇనుముకు అరసెంటీమీటరు దూరంలో పట్టుకుని, ఇంకొకరిని స్టార్టర్ తిప్పమనండి. నీలంగా, చటచటమని చప్పుడుతో దూకితే ఇగ్నిషన్ బాగుంది. పసుపుగా, నీరసంగా ఉంటే, అసలు రాకపోతే స్పార్కుకు కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించే కాయిల్ లేదా దానికి తోడుగా ఉండే కండెన్సర్ వేడికి చచ్చుబడుతోంది. అరగంటలో అవి చల్లారి మళ్లీ పనిచేస్తాయి. మీ కారు లక్షణానికి ఇది చక్కగా సరిపోతుంది. మామూలు 12 వోల్టుల కాయిల్ లోపలి చుట్టు నిరోధం సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడొకసారి, ఆగిపోయిన వేడిలో ఒకసారి మీటరు పెట్టి పోల్చండి. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్లు నల్లగా మాడి ఉంటే కండెన్సర్‌ను అనుమానించండి, కొత్త పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెట్టించండి.

స్పార్కు బాగుంటే అప్పుడు పెట్రోలు వైపు వెళ్లండి. రెండు పరీక్షలూ ఒకేసారి వద్దు, తెరిచిన పెట్రోలు దగ్గర నిప్పురవ్వ ఎగరకూడదు. లావు తీగను కాయిల్ దగ్గర కూడా ఊడదీసి పక్కన పెట్టి, కార్బొరేటర్‌కు వచ్చే గొట్టం విప్పి, ఒక సీసాలోకి పెట్టి స్టార్టర్ తిప్పించండి. ఎగ్జాస్టు గొట్టం అప్పటికి మరిగిపోతూ ఉంటుంది, దాని మీద చుక్క పడకుండా కింద మందపాటి గుడ్డ పరవండి. పెట్రోలు దఫదఫాలుగా చిమ్మితే పంపు బాగుంది. బుడగలు మాత్రమే వస్తే పెట్రోలు దారిలోనే ఆవిరవుతోంది. ఈ ఇంజిన్‌లో కార్బొరేటర్, ఎగ్జాస్టు మానిఫోల్డు ఒకే పక్క ఉంటాయి. వాటి మధ్య వేడిని అడ్డే రేకు, కార్బొరేటర్ కింద మందపాటి ప్యాకింగు ఉన్నాయా చూడండి. కార్బొరేటర్ మార్చిన రోజున అవి షెడ్డులోనే మిగిలిపోయి ఉండవచ్చు, వెళ్లి అడగండి. పెట్రోలు గొట్టం ఎగ్జాస్టుకు ఆనుకుని పోతుంటే దారి మార్పించండి. పంపు మీద తడిగుడ్డ వేయడం ఆ పూటకు గట్టెక్కిస్తుంది, అంతే.

ఇప్పుడు మనకు దొరికే పెట్రోలు కూడా 1978 నాటిది కాదు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు మామూలైపోయింది. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని పొరను ఎథనాల్ మెత్తబరుస్తుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. ఎథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటం వల్ల, పాత సెట్టింగులో మిశ్రమం పలచబడి ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. అందుకని ఎథనాల్ తట్టుకునే గొట్టాలు, పంపు కిట్టు వేయించి, మిశ్రమాన్ని కొద్దిగా చిక్కబరచమని చెప్పండి. ప్లగ్గుల కొనలు తెల్లగా కాకుండా లేత గోధుమరంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కారును నెలల తరబడి నిండు ట్యాంకుతో నిలిపి ఉంచకండి, ఎథనాల్ కూడా తేమను పీలుస్తుంది.

డీజిల్ ఇంజిన్ ఆలోచన మానుకోండి. ముందు భాగం బరువు పెరుగుతుంది, ఆ బరువును ఆపాల్సింది మళ్లీ అవే బ్రేకులు. రవాణా అధికారుల అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, బీమా దగ్గరా చిక్కులొస్తాయి. మీ ఇంజిన్ చెడిందని మీ ఉత్తరంలో ఒక్క ఆధారం కూడా లేదు. నీలిపొగ, ఆయిలు తాగడం, చలిలో స్టార్టు కాకపోవడం లాంటివేవీ మీరు రాయలేదు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే వాటి లోపల పుట్టే పీడనం కొలిపించండి. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే అది మీ నాన్నగారి ఇంజిన్, దాన్నే ఉంచుకోండి.

విడిభాగాలకు భయపడకండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా బ్రేకు కిట్లు, గాస్కెట్లు, పాయింట్లు ఇంకా దొరుకుతున్నాయి. కోల్‌కతా మల్లిక్ బజారులో పాత కార్ల సామాను పుష్కలంగా ఉంటుంది, విజయవాడ ఆటోనగర్‌లోనూ వెతికించవచ్చు. ఇనుప భాగాలు పాత నిల్వలోవి అయినా ఫరవాలేదు, రబ్బరు భాగాలు మాత్రం వద్దు. షాపులో ఇరవై ఏళ్లు పడి ఉన్న రబ్బరు కప్పు కొత్త ప్యాకెట్‌లోనే ముసలిదైపోయి ఉంటుంది. వంచి చూసి, సన్నటి పగుళ్లు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

పనులన్నీ అయ్యాక నేరుగా సింహాచలం బయల్దేరకండి. కొత్త లైనింగులు డ్రమ్ములో కుదురుకోవడానికి కొన్ని రోజులు ఊళ్లోనే తిప్పి, మళ్లీ అడ్జస్ట్ చేయించండి. తర్వాత తెల్లవారుజామున కొరాపుట్ ఎక్కి దిగండి. అది తృప్తిగా ఉంటే, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పొట్టంగి మీదుగా సుంకి దిగి సాలూరు వెళ్లి రండి. వేడిలో వచ్చే లోపాన్ని అతను వేడిలోనే చూడాలి, ఆ రోజు కూలి సంతోషంగా ఇవ్వండి. నాన్నగారు ఈ ప్రయాణంలో వద్దు. తిరిగొచ్చాక పెడల్ ఎత్తు మునుపటిలాగే ఉండి, ద్రవం తగ్గకుండా ఉంటే అప్పుడు ఆయనకు ముహూర్తం చెప్పండి. కార్తికమాసానికి పని తెమలకపోతే ఈసారికి అద్దె కారులో తీసుకెళ్లండి.

ఇంకొకటి. 2028కి మీ కారుకు 50 ఏళ్లు నిండుతాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వేరే ఇంజిన్ ఎక్కిస్తే ఆ అవకాశం పోయినట్టే. అయితే అలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ తిరగడానికి ఒప్పుకోరు. మీరు గుడికీ, ఊరికీ తిరిగే కారుగా ఉంచుకోవాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే గడువు తప్పకుండా పొడిగించుకుంటూ వెళ్లండి. బయల్దేరేముందు ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం తేదీలు చూసుకోండి. ఆర్‌సీలోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కారు మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో ఒకసారి శుభ్రంగా తుడిచి చదవండి.